తల్లి పేరు రాసిన గడి

చౌడక్క చనిపోయిన నెలరోజులకు హిందూపురంలో సంస్థవాళ్లు సంతాపసభ పెట్టారు. ఫోటోకు బంతిపూల దండ వేశారు. "పదకొండేళ్లలో తొమ్మిదిమంది అనాథ పిల్లలను కడుపులో పెట్టుకుని చూసిన మహాతల్లి" అని మైకులో చెప్పారు. నాకు ఒళ్లు మండిపోయింది. బతికుండగా ఆమె పేరును లిస్టులోంచి కొట్టేసిన చేతులే ఆ దండ వేశాయి. టీ ఇస్తే తాగకుండా బయటికి వచ్చేశాను.

గేటు దగ్గర ఒకావిడ నన్ను ఆపింది. "మంజుల రాలేదే? పెంచినామె పోతే చూడ్డానికైనా రాని పిల్ల ఏం పిల్లప్పా?" అని మూతి తిప్పింది. జవాబు నా దగ్గర ఉంది. ఇంకెవరి దగ్గరా లేదు. ఐదేళ్లుగా దాన్ని మింగి కూర్చున్నాను, పిల్ల చదువు ముగిసేదాకా చెప్పొద్దని చౌడక్క అంది కాబట్టి. ఇప్పుడామె లేదు. నాకూ అరవై దాటాయి. ఇంక దాచడం నావల్ల కాదు.

నా పేరు లక్ష్మీనారాయణ. పెనుకొండలో ఒక ఎయిడెడ్ స్కూల్లో ముప్పై ఏళ్లు గుమాస్తాగిరీ చేశాను. అడ్మిషన్ రిజిస్టరు, టీసీలు, నామినల్ రోల్సు, అన్నీ నా చేతిమీదుగానే పోయేవి. హెడ్మాస్టర్లు వచ్చారు, పోయారు. రాసే చెయ్యి మాత్రం నాదే.

చౌడక్క పుట్టిల్లు ధర్మవరం. నేతపని ఇల్లు. పెనుకొండలో దేవప్పకిచ్చి పెళ్లి చేశారు. ఇంట్లో ఒక మగ్గం, ఇద్దరు మనుషులు, పిల్లలు లేరు. దేవప్ప ఊపిరితిత్తుల జబ్బుతో మంచం పట్టి పోయాడు. ఆ తరువాత ఆమె మగ్గం తీసేసి, ధర్మవరం నుంచి వచ్చే పట్టునూలుకు కండెలు చుట్టుకుంటూ బతికింది. రాట్నం తిప్పుతూ వీధిలో పోయేవాళ్లందరినీ తిట్టేది. నోరు చెడ్డది. కోపం ముక్కుమీదే ఉండేది. మా వీధిలో పిల్లలు ఆమె గడప ముందు గోలీలాడాలంటే భయపడేవాళ్లు.

అలాంటామె 1993లో పెంపుడు పిల్లలను పెట్టుకుంటానని పేరిచ్చిందంటే వీధి వీధంతా నవ్వింది. హిందూపురం సంస్థవాళ్లకు అప్పటిదాకా అనాథ పిల్లల హాస్టల్ ఉండేది. బిల్డింగు పాతదైపోయింది. హాస్టల్లో పిల్లలు ముడుచుకుపోతున్నారనీ, ఇళ్లలో పెరిగితే మేలనీ ఎవరో పెద్దవాళ్లు వచ్చి చెప్పారట. ఆలోచన మంచిదే. బియ్యం, పప్పు, బట్టలు, పుస్తకాలు సంస్థ ఇస్తుంది. పిల్లను ఇంట్లో పెట్టుకుని బడికి పంపాలి. ఒక్క రూలు మాత్రం ఉండేది. ఏ పిల్లా ఒకే ఇంట్లో రెండేళ్లకు మించి ఉండకూడదు. ఉంటే మమకారం పెరిగి, తరువాత పిల్లకూ ఇంటివాళ్లకూ కష్టమవుతుందట. పిల్లి తన పిల్లలను ఏడిళ్లు తిప్పినట్టు తిప్పడమే ఆ రూలు. కాగితం మీద చదివితే మాత్రం ఎంతో తెలివిగా ఉండేది.

చౌడక్క ఇంటికి మొదట వచ్చిన పిల్ల మంజుల. రామగిరి వైపు పిల్ల. అమ్మా నాయనా ఏడాది తేడాతో పోయారు. అప్పటికి ఆరేళ్లు. ఎవరు పిలిచినా ముందు తల వంచుకునేది, తరువాతే వినేది.

జూన్‌లో చౌడక్క ఆ పిల్లను చేయి పట్టుకుని నా టేబుల్ ముందుకు తెచ్చింది. పేరు రాశాను, పుట్టిన తేదీ రాశాను. తండ్రి పేరు అడిగాను. పిల్ల తల వంచుకుంది.

"మా ఆయన పేరు రాయప్పా. దేవప్ప," అంది చౌడక్క.

"అది నిజం కాదు కదక్కా."

"ఏంటికి కాదు? మొన్న మంగళవారం ఇంటి దేవుని ముందర కూచోబెట్టినా. పదిండ్లకు బెల్లం పంచినా. మీ ఇంటికీ ఇచ్చినా కదా? తినలేదా నువ్వు?"

తిన్నాను. మా వైపు పెంపకానికి కాగితాలెవరూ రాయించుకోరు. పిల్లను ఇంటి దేవుడి ముందు కూర్చోబెట్టి, వీధిలో బెల్లం పంచి, ఇది మా పిల్ల అంటే అయిపోయింది. ఆ రోజు నుంచి ఆ ఇంటి మైల ఆ పిల్లకూ ఉంటుంది. సంస్థ ఆ పిల్లను రెండేళ్లకే ఇచ్చిందని ఆమెకు తెలియదా? తెలుసు. కానీ బెల్లం పంచాక ఎవరైనా వెనక్కి అడుగుతారని ఆమె ఊహకు అందలేదు. నిజం చెప్పాలంటే నాకూ అందలేదు. అదీకాక, తండ్రి గడి ఖాళీగా ఉన్న పిల్లలను తోటి పిల్లలు ఎట్లా ఏడిపిస్తారో నేను రోజూ చూసేవాణ్ణి. తండ్రి: దేవప్ప. తల్లి: చౌడమ్మ. నా అందమైన చేతిరాతతో రాశాను. ఆ పూట నాకు పుణ్యం చేసినంత తృప్తిగా ఉండింది కూడా.

రెండేళ్లు గడిచాయి. మంజుల మూడో తరగతిలో ఉండగా, నవంబరులో, సంస్థ జీపు వచ్చి ఆ పిల్లను ధర్మవరం తీసుకుపోయింది. వాళ్లు వచ్చేసరికి క్లాసులో ఎక్కాలు చెబుతున్నారు. పిల్లను సగం ఎక్కంలో లేపి తీసుకుపోయారు. టీసీ నేనే రాసిచ్చాను. చౌడక్క జీపు వెనక బస్టాండు దాకా నడిచి, అక్కడ నిలబడి తిట్టవలసినవన్నీ తిట్టి, ఇంటికి వచ్చి తలుపేసుకుంది.

ధర్మవరంలో మంజులను పెట్టుకున్నవాళ్లు దుర్మార్గులేమీ కాదు. మూడు మగ్గాల ఇల్లు. కడుపునిండా పెట్టారు. వాళ్ల సొంత పిల్లలూ కండెలు చుడతారు, ఈ పిల్లతోనూ చుట్టించారు. బడిలో పేరుంది, హాజరూ పడుతోంది, పిల్ల మాత్రం ఇంట్లోనే ఉంది. సంస్థ మనిషి మూడు నెలలకోసారి వచ్చి హాజరు చూసుకుని సంతకం పెట్టి పోయేవాడు. ఎనిమిది నెలల తరువాత, తొమ్మిదేళ్ల పిల్ల ఒక్కతే హిందూపురం ప్యాసింజర్ ఎక్కి, పెనుకొండలో దిగి, స్టేషన్ నుంచి నడుచుకుంటూ చౌడక్క ఇంటికి వచ్చేసింది.

మర్నాడు పొద్దున చౌడక్క ఆ పిల్లను నా దగ్గరికి తెచ్చింది. పిల్ల రెండు చేతులూ తీసి టేబుల్ మీద పెట్టింది. పట్టుపోగు రాసుకుని రాసుకుని వేళ్ల మీద సన్నటి కోతలు, కొన్ని మానినవి, కొన్ని పచ్చివి.

"చూడప్పా ఈ వేళ్లు. నా వేళ్లు ఇట్ల కావడానికి ముప్పై ఏండ్లు పట్టినాయి. దీనికి ఎనిమిది నెలలు," అంది. అంతకుముందూ ఆ తరువాతా ఆమె ఏడవడం నేను చూడలేదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. తన బతుకే కండెలు చుట్టడమైనా, ఇంట్లో పిల్లలెవరినీ చౌడక్క రాట్నం ముట్టనిచ్చేది కాదు. ఆటకు తిప్పినా వీపు పగిలేది.

పిల్లను వెనక్కి తీసుకుపోవడానికి వచ్చిన సంస్థ మనిషిని గడప నుంచే తిప్పి పంపింది. ఆ రోజు నుంచి ఆమెకు కొత్త పని పడింది. నెలకోసారి హిందూపురం పోయి సంస్థ ఆఫీసు మెట్ల మీద కూర్చునేది. అర్జీలు నేనే రాసేవాణ్ణి. మాటలు మాత్రం ఆమెవి. "కోతకు ముందర ఎవురైనా పైరు పీకి ఇంకో మళ్లో నాటుతారా? రెండేండ్లు కాదు, బడి చూసి మార్చండి. హాజరు చూసి పోవద్దు, పిల్ల పలక చూసి పోండి." వాళ్లు మొదట నవ్వారు, తరువాత విసుక్కున్నారు, తరువాత దాక్కున్నారు. రెండేళ్లు తిరిగింది. చివరికి 1998లో రూలు మార్చారు. జూన్‌లో బడి తెరిచిన రోజు నుంచి ఏప్రిల్ దాకా ఏ పిల్లనూ ఇల్లు మార్చకూడదు. సంస్థ మనిషి బడికి వచ్చి అయ్యవారిని అడిగి, పిల్ల నోట్సు చూసి మరీ సంతకం పెట్టాలి. చదువు మధ్యలో తెగిపోకుండా ఆ రూలు వల్ల ఎంతమంది పిల్లలు బాగుపడ్డారో నేను లెక్క కట్టలేదు గానీ, మా బడిలోనే ఐదారుగురిని చూశాను. ఆ రూలు తెచ్చింది కండెలు చుట్టే ఒక ఆడమనిషి అని సంస్థ పుస్తకాల్లో ఎక్కడా లేదు.

ఇంక మేలో మాత్రమే భయం. ప్రతి మేలో ఆమె హిందూపురం పోయి పోట్లాడి మంజులను ఇంకో ఏడాదికి నిలబెట్టుకుని వచ్చేది. మిగతా పిల్లలు వచ్చారు, పోయారు. మంజుల ఉండిపోయింది. అమ్మా అని పిలిచేది. తల వంచుకోవడం ఎప్పుడు మానేసిందో మేమెవరమూ గమనించలేదు. పదో తరగతికి వచ్చేసరికి ఎదురు మాట్లాడడంలో చౌడక్కను మించిపోయింది. ఇద్దరూ పోట్లాడుకుంటుంటే వీధి చివరికి వినిపించేది. నాకు ఆ రోజులే గుర్తు పెట్టుకోవాలని ఉంటుంది.

2004లో మంజులకు పదిలో ఐదువందల పదకొండు మార్కులు వచ్చాయి. అనంతపురం అవతల ఆడపిల్లల రెసిడెన్షియల్ కాలేజీ ఒకటి ఉంది. తల్లీ తండ్రీ లేని పిల్లలకు అందులో కొన్ని సీట్లు, ఇంటర్ రెండేళ్లూ చదువూ తిండీ ఉచితం. మంజుల పేరు లిస్టులో మొదటే వచ్చింది. ఎమ్మార్వో దగ్గర అనాథ సర్టిఫికెట్ తెచ్చి, పదిరోజుల్లో చేరాలి. చేరకపోతే సీటు ఇంకొకరికి పోతుంది. వేరే దారి లేదు. పది అయిన పిల్లలకు సంస్థ ఇచ్చేవన్నీ ఆగిపోతాయి. కండెల మీద కాలేజీ చదువు సాగదు.

ఎమ్మార్వో ఆఫీసులో టీసీ తిప్పి చూసి గుమాస్తా అన్నాడు: "తండ్రి లేడు సరే. తల్లి ఉండాది కదా? ఇదో, చౌడమ్మ. ఎదురుగానే నిలబడుకోని ఉండాది. అనాథ ఎట్లయితాది?"

పుణ్యానికి పోతే పాపం ఎదురైందంటే ఇదే. పదకొండేళ్ల కిందట నేను రాసిన రెండు పేర్లు ఆ పిల్ల సీటు మీద కూర్చున్నాయి. మధ్యలో దిద్దే అవకాశం నాకు లేకపోలేదు. మంజుల ఏడో తరగతిలో ఉండగా సంస్థ ఫైలు నా టేబుల్ మీదకు వచ్చినప్పుడు అసలు తల్లిదండ్రుల పేర్లు చూశాను. ఏమవుతుందిలే అనుకుని మూసేశాను. గుమాస్తాల బతుకంతా ఆ ఒక్క మాటలోనే ఉంది.

సంస్థ తరఫున ఆనంద్ అనే కుర్ర ఆఫీసరు వచ్చాడు. టీసీ చూసి మండిపడ్డాడు. పిల్లను సొంతం చేసుకోవాలని దొంగపేర్లు రాయించారంటే ఇది నేరమన్నాడు. "ఎవరు రాశారిది?" అని అడిగాడు. నా రిటైర్మెంటుకు ఇంకా రెండేళ్లుంది. పింఛను కాగితాలు అప్పుడే కదిలాయి. చౌడక్క నా వైపు ఒకసారి చూసింది.

"నేనే అబద్ధం చెప్పి రాయించినా. ఆయప్పకేం తెలుసు," అంది.

నేను నోరు విప్పలేదు. ఇదీ రాయకుండా ఎట్లా?

ఎమ్మార్వో మంచివాడే. ఒక దారి చెప్పాడు. ఈ పిల్ల నా కూతురు కాదు, నాకూ ఆమెకూ ఏ సంబంధమూ లేదు అని చౌడక్క స్టాంపు కాగితం మీద రాసివ్వాలి. విచారణ చేసి సర్టిఫికెట్ ఇస్తానన్నాడు. కాగితం తయారైంది. కానీ సంతకానికి ముందు ఆయనకు అనుమానం వచ్చింది. ఉచిత సీటు కోసం కన్నకూతుళ్లనే కాదనేవాళ్లను ఆయన చూశాడట. మంజులను దగ్గరికి పిలిచి, "ఈమె నీకేమవుతుందమ్మా?" అని అడిగాడు.

"మా అమ్మ," అంది మంజుల. తడుముకోలేదు.

ఎమ్మార్వో పెన్నుకు మూత పెట్టాడు. పది రోజుల్లో అప్పటికే ఏడు అయిపోయాయి.

అప్పుడు చౌడక్క ముందుకు వచ్చి ఆ పిల్ల చెంప మీద కొట్టింది. "ఎవురే నీకమ్మ? బియ్యమిస్తారని పెట్టుకుంటి. పప్పిస్తారని పెట్టుకుంటి. నా కడుపున పుట్టినట్ల నెత్తికెక్కి కూచున్నావు. నీకు పది అయిపోయ, ఇంక నాకు బియ్యం రావు, నిన్నేం చేసుకునేది? సార్, ఇది నాకేమీ కాదు. యాడికన్నా పంపీండి," అంది.

అంత గట్టిగా, అంత కోపంగా, వీధిలో రోజూ ఎట్లా తిట్టేదో అచ్చం అట్లాగే అంది. నాకే నిజమనిపించింది. ఎమ్మార్వోకూ నిజమనిపించింది. సంతకం పెట్టాడు. చౌడక్క కాగితం కింద వంకర అక్షరాలతో పేరు రాసింది. ఆ మూడక్షరాలూ మంజులే నేర్పింది.

మంజుల ఏడవలేదు. తల వంచుకుంది. చాలా ఏళ్ల తరువాత మళ్లీ తల వంచుకుంది.

దగ్గరికి తీసి, సీటు కోసమన్నానమ్మా అని ఒక్క మాట చెప్పే వీలు కూడా దొరకలేదు. దొంగపేర్లు రాయించిన ఇల్లని సంస్థ చౌడక్క పేరు కొట్టేసింది. మంజులను ఆఫీసు నుంచి అటే హిందూపురం తీసుకుపోయి, అక్కడి నుంచి కాలేజీలో చేర్చారు. ఆ ఇంట్లో అప్పుడు ఇంకా ఇద్దరు చిన్నపిల్లలు ఉండేవాళ్లు, నాలుగో తరగతి ఒకడు, రెండో తరగతి ఒకతి. వాళ్లనూ జూన్ మొదటివారంలో జీపెక్కించారు. బడి తెరవకముందే తీసుకుపోయారు. చౌడక్క పోట్లాడి తెచ్చిన రూలు ప్రకారమే, ఒక్క రోజు తేడా లేకుండా తీసుకుపోయారు.

రెండు నెలలు ఆ ఇంట్లోంచి రాట్నం చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు. తిట్లు కూడా ఆగిపోయాయి. నేను మంజులకు ఉత్తరం రాస్తానన్నాను. "వద్దప్పా. ఆడ ఎవురైనా చింపి చదివితే?" అంది. ఆగస్టులో ఒక ఆదివారం పొద్దున్నే చెనిక్కాయల పొడి డబ్బా గుడ్డలో కట్టుకుని మా ఇంటికి వచ్చింది. "రొంత తోడు రాప్పా. దూరం నుంచి చూసి వస్తా," అంది.

కాలేజీ గేటు దగ్గర వాచ్‌మన్ ఒక పుస్తకం పెట్టుకుని కూర్చున్నాడు. చూడ్డానికి వచ్చినవాళ్ల పేరు, పిల్ల పేరు, ఏమవుతారు, సంతకం. అవి ఉంటేనే లోపలికి పంపుతారు. ముసలివాడు, మంచి మనిషి.

"ఏమవుతావమ్మా పిల్లకు?"

చౌడక్క చేతిలో డబ్బా మూట సర్దుకుంది.

"అవ్వ అని రాసుకోనా? పెద్దమ్మా? ఏదో ఒకటి చెప్పు తల్లీ, ఇంత దూరమొచ్చినావు. ఎవురడుగుతారు దీన్ని?"

"రాయద్దప్పా," అంది చౌడక్క. "ఎవురడుగుతారులే అనే రాయిస్తిమి ఒకసారి. దండం పెడతా, నా పేరు మాత్రం ఆ పుస్తకంలో రాయద్దు."

అబద్ధాలు రాయడంలో అనుభవమున్నవాణ్ణి నేనక్కడే ఉన్నాను. మామయ్యనని నా పేరైనా రాయించి లోపలికి పోవచ్చు, పిల్లకు నాలుగు మాటలు చెప్పి రావచ్చు. అప్పుడా ఆలోచనే నాకు తట్టలేదు. తట్టలేదో, మళ్లీ నా పేరు ఒక పుస్తకంలో పడుతుందని భయపడ్డానో, ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

ఆమె డబ్బా వాచ్‌మన్ చేతికిచ్చింది. ఎవరిచ్చారని చెప్పమంటావు అని అడిగాడు. "పెనుకొండ నుంచి ఎవురో వచ్చినారని చెప్పు. చాలు," అంది.

అంతలో గంట కొట్టారు. పిల్లలు వరుసగా అన్నం తినే షెడ్డు వైపు పోతున్నారు. వరుసలో మంజుల కనిపించింది, కొత్త యూనిఫాంలో, చేతిలో పళ్లెంతో. పిలిస్తే వినిపించేంత దగ్గరే. నేను చెయ్యెత్తబోయాను. చౌడక్క నా చెయ్యి పట్టుకుని గోడ పక్కకు లాగి, తానూ గోడకు ఆనుకుని నిలబడింది.

"పిలవద్దప్పా. అది చూస్తే అమ్మా అంటాది. ఆడందరూ ఉండారు, వింటారు," అంది.

వరుస లోపలికి పోయేదాకా ఇద్దరం ఆ గోడ పక్కనే నిలబడ్డాం.